నమూనా ఫ్రాన్సు

ప్రభుత్వానికి పరువు పోవడం కొత్తేమీ కాదు. కాకపోతే ఒక పంచె వల్ల పోవడం మాత్రం అదే మొదలు.

జరిగిందల్లా ఇంతే. ఎవరో ఉద్యోగి తల్లినీ తండ్రినీ పెళ్ళాంబిడ్డల్నీ వెంటేసుకుని ఏదో చలిదేశం చూడబోయాడు. అక్కడి హోటల్లో పెద్దాయన పొద్దున్నే స్నానం చేసి, తడిపంచె పిండి బాల్కనీ కమ్మీకి ఆరేశాడు. కింద పోయేవాళ్ళు అదేదో దేశపు జెండా అనుకుని ఫొటోలు తీసుకున్నారు. ఆ ఫొటో సముద్రాలు దాటి సచివాలయానికి చేరింది. పంచె సాయంత్రానికల్లా ఆరిపోయింది గానీ సచివాలయం ఎంతకీ చల్లారలేదు. ఒక కమిటీ వేశారు. ఒంటరిగా వెళ్ళేవాళ్ళు పాంట్లలో వెళ్తున్నారనీ, మూడు తరాలు కలిసి వెళ్ళినప్పుడే పంచెలు బయటికొస్తున్నాయనీ ఆ కమిటీ కనిపెట్టింది.

దాంతో ఉమ్మడి కుటుంబ విదేశ విహార సంసిద్ధతా మండలి పుట్టింది. పుట్టగానే దానికో కారూ, కారుకో డ్రైవరూ, డ్రైవరుకో కుర్చీ వచ్చాయి. నియమావళి ఆ తర్వాత వచ్చింది. అందులో అసలు ముక్క ఒక్కటే. ఏ ఉద్యోగి అయినా మూడు తరాలతో పరదేశం వెళ్ళదలిస్తే, ఆ పరదేశాన్ని ముందిక్కడ ఒకసారి చేసి చూపించి, గట్టెక్కి, ఆపైన వెళ్ళాలి. దీనికి పూర్వాభ్యాసం అని పేరు పెట్టారు.

కాకినాడలో తూనికలు కొలతల శాఖ సూపరింటెండెంటు కాపగంటి సత్యలింగం ఈ సంగతి చదివి, చుట్టుపక్కల అందరిలా నవ్వలేదు. ఆయన నవ్వే రకం కాదు. పెద్దవాళ్ళు రూలు పెట్టారంటే అందులో ఏదో మంచి ఉండే ఉంటుందని నమ్మే అమాయకుడు. పైగా సరిగ్గా ఆ నెలలోనే ఆయన మూడు తరాలతో ఫ్రాన్సు దేశపు పల్లెటూరికి వెళ్ళాల్సిన పని పడింది.

పని అంటే షోకు కాదు. సత్యలింగం తల్లి నూకరత్నం పుట్టింది యానాంలో, ఇంకా అక్కడ ఫ్రెంచివాళ్ళ జెండా ఎగురుతున్న రోజుల్లో. ఆవిడ అక్క వరహాలమ్మని ఫ్రెంచి పటాలంలో పనిచేసే పిల్లాడికిచ్చి చేశారు. జెండా దిగాక ఆ పిల్లాడు ఫ్రెంచివాడిగానే ఉంటానని సంతకం పెట్టి పెళ్ళాన్ని తీసుకుని వాళ్ళ దేశం పోయాడు. అక్కడ ఏదో పల్లెలో ఇల్లు కొన్నాడు. ఆ ఊరి పేరు పలకాలంటే సగం ముక్కుతోనూ సగం గొంతుతోనూ పలకాలి. అందుకని ఇంట్లో అందరూ 'అక్క ఊరు' అనేవాళ్ళు.

వరహాలమ్మ తల్లి పోయినప్పుడు వచ్చింది, తండ్రి పోయినప్పుడు వచ్చింది. ఇటునుంచి మాత్రం ఒక్కళ్ళూ వెళ్ళలేదు. మొదట డబ్బుల్లేక, తర్వాత పిల్లల చదువులని, తర్వాత మోకాళ్ళని. ఆడపిల్లకి పెళ్ళయ్యాక పుట్టింటివాళ్ళు సారె పట్టుకుని గడప తొక్కాలి కదా. చలిమిడీ, చీరా, పసుపూ కుంకమా పట్టుకుని మనవాళ్ళొచ్చారని నలుగురూ చూడాలి కదా. ఆ ముచ్చట ఆవిడకి తీరనే లేదు. ఆదివారం ఆదివారం ఫోను చేసి దెప్పేది.

"ఏవేఁ నూకాలూ, మా పక్కింటి మదాంకి ఇన్నేళ్ళూ చెబుతూనే ఉన్నానే, మా పుట్టింటివాళ్ళొస్తారూ, సారె తెస్తారూ అని. అది నన్ను అనాథ పిల్లనుకుంటంది. నేను పోయాక తెస్తావేంటి చలిమిడి?"

"చాల్లే, అవేం మాటలు! వస్తన్నాను కదా."

"పుట్టింటివాళ్ళలో మిగిలింది నువ్వొక్కదానివే. నువ్వు రాకపోతే నాకింక ఎవరూ రారు."

ఆ మాటకి నూకరత్నం ఫోను పెట్టేసి కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు. అప్పుడే అనుకున్నారు, ఈ వేసవికి వెళ్ళి తీరాలని. సత్యలింగం, ఆయన భార్య హైమావతి, డిగ్రీ చదివే కూతురు చరిత, నూకరత్నం. సారె ఒక్కళ్ళూ మోసుకెళ్ళరు, ఇంటిల్లిపాదీ వెళ్ళాలని నూకరత్నం పట్టు.

అందుకని సత్యలింగం ఉతికిన చొక్కా తొడుక్కుని, కుటుంబంతో సహా మండలి ముందు హాజరయ్యాడు.

మండలి సంచాలకులు చక్రధరరావు గారిది మనిషికంటే పెద్ద కుర్చీ. ఆయన మామూలు మాటలు ఇంటి దగ్గర వదిలేసి ఆఫీసుకి వచ్చేవారు.

"తమరి కుటుంబము విహరింపదలచిన దేశమేది?"

"ఫ్రాన్సండి. పల్లెటూరండి. మా దొడ్డమ్మ ఊరండి."

"విహార ప్రయోజనము?"

సత్యలింగం నోరు తెరిచేలోగా నూకరత్నం అందుకుంది. "మా అక్కకి సారె పెట్టాలి బాబుగారూ."

సంచాలకులు పక్కనున్న గుమాస్తా వైపు చూశారు. గుమాస్తా 'సాంస్కృతిక వస్తు వినిమయము' అని రాసుకున్నాడు.

"సంతోషము. ఫ్రెంచి పల్లె నిమిత్తము ఇదియే తొలి దరఖాస్తు. ఇంతవరకు మండలికి ఒక్క లబ్ధిదారుడును లేడని ఆర్థికశాఖ గొణుగుచున్నది. తమరి కొరకై ఒక నమూనా ఫ్రెంచి పల్లెను నిర్మింపజేసెదము. అందు తమరు వారము దినములు నివసించి, కలహములు లేక, పంచెలు ఆరవేయక, విదేశీయ మర్యాదతో మెలగి చూపవలెను."

"మీరెవరైనా ఆ దేశం చూశారాండీ?" అని చరిత అడిగింది. హైమావతి కూతురి కాలు తొక్కింది.

"చూడవలసిన పనిలేదు. నియమావళియందు మొదటి సూత్రమే అది. నమూనాకును మూలమునకును భేదముండరాదు. భేదము లేనప్పుడు ఏది చూచిననేమి?" అన్నారు సంచాలకులు.

ఇది విన్నాక సత్యలింగానికి మండలి మీద గౌరవం ఇంకా పెరిగింది. ఆయన శాఖలోనూ అదే కదా పద్ధతి. అంగట్లో కేజీ రాయినీ, ఆఫీసులో ఉన్న అసలు కేజీ రాయినీ పక్కపక్కన పెట్టి తూస్తారు. తేడా వస్తే ఊరుకోరు. ఇంటికొస్తూ దారంతా భార్యకి ఇదే చెప్పాడు.

"మీకు బుర్రుందాండీ?" అని ఆవిడ అడిగింది.

నమూనా పల్లెని ఊరవతల మూతపడ్డ విత్తనాల ఫారంలో కట్టారు. కాంట్రాక్టరు బుల్లియ్య అంతకుముందు కూడళ్ళలో సిమెంటు బొమ్మలు పోసేవాడు. పల్లె అన్నాక ఆవులుండాలి కాబట్టి, ఫారం గేటు దగ్గర నాలుగు సిమెంటు ఆవుల్ని నిలబెట్టాడు. ఒక్కోదానికీ బోర్లించిన కుండంత మూపురం ఉంది.

"ఫ్రెంచి గోవునకు మూపురముండునా?" అని సంచాలకులకి అనుమానమొచ్చింది.

"నాకాడ ఒంగోలు అచ్చొకటే ఉందండి. మూపురం మీద టోపీ పెట్టేద్దారి," అన్నాడు బుల్లియ్య. అలాగే పెట్టారు.

మొదటి పూర్వాభ్యాసం మే నెల మధ్యలో పెట్టారు. విమానం అచ్చంగా ఉండాలని ఒక పాత ఆర్టీసీ బస్సుని ఫారం గేటు ముందు నిలబెట్టి, కుటుంబాన్ని ఎక్కించి, తలుపు వేశారు. అసలు విమానం ఎంతసేపు ఎగురుతుందో అంతసేపూ బస్సు అక్కడే ఆగి ఉంది. నైలాను తాళ్ళతో నడుములు కట్టారు. మధ్యమధ్య కండక్టరు లేచి, "మేఘాలొస్తన్నాయి, గట్టిగా పట్టుకోండి" అని అరిచేవాడు. కింద ఇద్దరు బస్సుని ఊపేవారు.

"కదలని బండిలో కడుపులో తిప్పడం నా జన్మలో ఇదే చూడ్డం," అంది నూకరత్నం.

దిగేసరికి ఎండ నెత్తి మాడ్చేస్తోంది. ఫ్రాన్సులో చల్లగా ఉంటుందని నలుగురికీ ఉన్ని కోట్లు తొడిగారు. మంచు కోసం మున్సిపాలిటీ వాళ్ళ దోమల పొగబండి తెప్పించారు. పొగలోంచి ఫ్రెంచి పల్లెవాసులు బయటికొచ్చారు. వాళ్ళంతా మండలి అటెండర్లు. నెత్తిన గుండ్రటి టోపీలు పెట్టుకుని, దగ్గుతూ, ఎవరితోనూ మాట్లాడకుండా తిరుగుతున్నారు. ఫ్రెంచివాళ్ళు ముక్తసరిగా ఉంటారని వాళ్ళకి ఉత్తర్వులు. చెర్రీ చెట్లకి బదులు వాక్కాయ చెట్లున్నాయి. చీజుకి బదులు జున్ను పెట్టారు. ఆ జున్ను బాగుందని చరిత రెండోసారి అడిగితే, ఫ్రెంచివాళ్ళు రెండోసారి పెట్టరని ఒక అటెండరు సైగ చేశాడు.

వారమంతా కోట్లలో ఉడికిపోయి, పొగలో దగ్గి, కాకినాడ గడియారాలు ఫ్రెంచి టైముకి తిప్పేసినందువల్ల మిట్టమధ్యాహ్నం టిఫినూ, పొద్దువాలాక పగటి భోజనమూ తిని, కుటుంబం ఎవరి మీదా విసుక్కోకుండా గట్టెక్కింది. పంచె అన్నమాటే లేదు. సత్యలింగం నిక్కర్లో తిరిగాడు, పాపం. మండలి ఇచ్చిన నివేదికలో మాత్రం తప్పారని రాసి ఉంది.

"ఎందుకండీ తప్పాం?" అని సత్యలింగం చేతులు కట్టుకుని అడిగాడు.

"కలహాభావము," అన్నారు సంచాలకులు. "అత్తాకోడళ్ళ నడుమ వారము దినములందు ఒక్క కలహమైనను సంభవింపలేదు. కలహము లేనిదే కలహ నివారణా సామర్థ్యమును మేమెట్లు పరీక్షింతుము? రెండవ పూర్వాభ్యాసమున తప్పక కలహింపవలెను."

హైమావతికి నవ్వాగలేదు. దగ్గినట్టు నటించి బయటికెళ్ళిపోయింది.

రెండో పూర్వాభ్యాసంలో పోట్లాటకి టైము పెట్టారు. మధ్యాహ్నం టిఫినయ్యాక పరిశీలకులు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. గంట కొట్టారు. అత్తా కోడలూ ఎదురెదురుగా నిలబడ్డారు.

"నువ్వు పెట్టిన పులుసేం బాలేదే," అంది నూకరత్నం మొహమాటంగా.

"అవునత్తయ్యా, ఉప్పు తగ్గిందండి," అంది హైమావతి.

"తగ్గితే తగ్గిందిలే, బీపీకి మంచిది."

ఇద్దరూ కిసుక్కుమన్నారు. పరిశీలకులు 'కలహమున నిజాయితీ లోపించినది' అని రాసుకున్నారు. సత్యలింగం తల పట్టుకున్నాడు. ఇంట్లో అప్పుడప్పుడు ఇద్దరూ మాటామాటా అనుకునేవాళ్ళే. ఆ మాటలు ఈ గంట కొట్టినప్పుడు రాకూడదా అని ఆయన బాధ.

అంతలో కస్టమ్సు తనిఖీ వచ్చింది. రెండోసారికి కొత్తగా చేర్చిన విభాగం అది. ఒక అటెండరు టోపీ తీసి ఇంకో టోపీ పెట్టుకుని, నూకరత్నం సంచీ విప్పాడు. అందులో సారె ఉంది. గట్టెక్కగానే అటునుంచటే వెళ్ళిపోతామనుకుని, ఆవిడ రెండుసార్లూ సారె సిద్ధం చేసుకునే వచ్చింది. కంచి పట్టు చీర, పసుపు కుంకం పొట్లాలు, తమలపాకుల్లో చుట్టిన చలిమిడి. బియ్యం తడిపి, దంచి, బెల్లప్పాకం పట్టి, మోకాళ్ళ నొప్పులతో పొయ్యి దగ్గర నిలబడి ఆవిడే చేసింది.

అటెండరు చలిమిడి ముద్ద నొక్కి చూశాడు. వేలు దిగబడింది. "నొక్కితే దిగుద్ది, వదిలితే అలాగే ఉంటందండి," అన్నాడు భయంగా.

"అనుమానాస్పద పదార్థము. స్వాధీనపరచి ప్రయోగశాలకు పంపుడు," అన్నారు సంచాలకులు.

ముద్దని తీసుకెళ్ళి గాజుసీసాలో పెట్టి లక్క వేస్తుంటే నూకరత్నం అలాగే చూస్తూ నిలబడింది. అసలీ రూలు పెట్టినవాళ్ళకి అమ్మలూ దొడ్డమ్మలూ ఉన్నారా అని ఉద్యోగంలో చేరాక మొట్టమొదటిసారి సత్యలింగానికి అనుమానం వచ్చింది.

ఆ ఆదివారం ఫోనులో వరహాలమ్మ అడిగింది. "బయల్దేరావా?"

"రెండుసార్లు బయల్దేరాం. రెండుసార్లూ ఫారం గేటు దాటలేదే."

"నీ బావకి తొంభై దాటాయే. నాకేవంత మిగిలుందనీ," అంది వరహాలమ్మ. దెప్పుతూ అనలేదు. అలా అనడం చెల్లెలు ఎన్నడూ వినలేదు.

తెల్లారి మండలిలో సమీక్షా సమావేశం. ఆ వేళ నూకరత్నం తలకి నూనె రాసుకుని నున్నగా దువ్వుకుని వచ్చింది. మొహంలో ఏదో మెరుపుంది. అమ్మ ఎప్పుడలా ఉంటుందో సత్యలింగానికి చిన్నప్పట్నుంచీ తెలుసు. ఊరగాయ జాడీ ఎదురింటివాళ్ళ చేత మోయించే ముందు అలా ఉంటుంది.

సంచాలకులు మూడో పూర్వాభ్యాసం గురించి చెప్పడం మొదలుపెట్టగానే ఆవిడ లేచి, ముక్కులోంచి గలగలా ఏదో నాలుగు ముక్కలు మాట్లాడింది. సభ నిర్ఘాంతపోయింది.

"అదేమి భాష?" అన్నారు సంచాలకులు.

"ఫ్రెంచేగా బాబుగారూ. యానాం బళ్ళో ఐదో క్లాసు దాకా చదూకున్నాను. తెల్ల మేష్టారు బెత్తంతో నేర్పారు."

"ఏమని సెలవిచ్చితిరి?"

"మీ పల్లె శాన బాగుందీ, కానీ ఇది ఫ్రెంచి పల్లె అవునో కాదో మీలో ఎవరికీ తెలీదే అన్నాను. రేపు పైవాళ్ళెవరైనా అడిగితే ఏం చెబుతారు బాబుగారూ? నమూనాకీ అసలుకీ తేడా లేదని ఎవరు సంతకం పెడతారు?"

సంచాలకుల నుదుటి మీద చెమట పట్టింది. ఫాను తిరుగుతూనే ఉంది.

"అక్కడే బతుకుతున్న మనిషిని ఒకళ్ళని రప్పించి చూపించుకోండి," అని నూకరత్నం మెల్లిగా చెప్పింది. "తెలిసినావిడ ఉంది. పెద్దమనిషి. ఆ ఊళ్ళో ఆడవాళ్ళందరికంటే ముసల్ది. మదాం వరహాల అంటారు."

సత్యలింగం ఉలిక్కిపడి తల్లి వైపు చూశాడు. ఆవిడ ఫాను వైపు చూస్తోంది. నోటిదాకా వచ్చిన మాటని ఆయన మళ్ళీ మింగేశాడు. ఉత్తర్వు ఆ మధ్యాహ్నమే వెళ్ళింది. విదేశీ నిపుణురాలికి విమానం టికెట్టూ, గెస్టుహౌసూ, ప్రభుత్వ లాంఛనాలతో స్వాగతమూ.

వరహాలమ్మ మొగుణ్ణి పక్కింటి మదాంకి అప్పజెప్పి వచ్చింది. విమానాశ్రయంలో సంచాలకులు టోపీ పెట్టుకున్న తెల్లదొరసాని కోసం దండ పట్టుకుని నిలబడ్డారు. చక్రాల కుర్చీలో నేతచీర మీద స్వెట్టరు తొడుక్కున్న ముసలావిడ వచ్చి, "ముంజికాయలున్నాయా?" అని అడిగింది. ఆయన దండ వెయ్యలేదు. కాగితంలో పేరు రెండుసార్లు చూసుకున్నాక వేశారు.

ఆవిడ చెల్లెలింటికి రానంది.

"ఇంత దూరం వచ్చి ఇంటికి రానంటావేంటే!" అంది నూకరత్నం.

"నేను పుట్టింటికి రాలేదే. ఇన్స్పెక్షనుకొచ్చాను. ఈసారి వంతు నీది. వంతు నీదై ఉండగా మళ్ళీ నేనే నీ గడప తొక్కితే నాకు పరువేటుంటదీ?" అని వరహాలమ్మ గెస్టుహౌసుకే పోయింది. గెస్టుహౌసు గుమ్మం బయట నిలబడి అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకరి బుగ్గలొకరు పుణుకుతూ ఏడ్చుకున్నారు. పట్టుదల మాత్రం ఇద్దరిలో ఒక్కళ్ళూ వదల్లేదు.

తనిఖీ నాడు సంచాలకులు ఒక నియమం చదివారు. విదేశీ నిపుణులతో దుబాసీ ద్వారానే సంభాషించాలట. ఆవిడకి తెలుగొచ్చునని సత్యలింగం చెప్పబోయాడు. నియమావళిలో అలాంటి సందర్భం లేదని సంచాలకులు ఆపేశారు. జిల్లాలో ఫ్రెంచి వచ్చిన దుబాసీ నూకరత్నం ఒక్కతే. అలా అక్కా చెల్లెలూ ఒకే సోఫాలో పక్కపక్కన కూర్చున్నారు. ప్రభుత్వమే కాఫీ ఇచ్చింది.

సిమెంటు ఆవు దగ్గర ఆగి సంచాలకులు, "గోవును గూర్చి నిపుణురాలి అభిప్రాయము?" అన్నారు.

నూకరత్నం అడిగింది. వరహాలమ్మ ఫ్రెంచిలో అందుకుని చాలాసేపు చెప్పింది. చేతులు తిప్పింది, ముక్కు చీదింది, మధ్యలో యానాంలో తమ పాత ఇంటి పక్కనుండే వీరమ్మ పేరూ, చింతపండు మాటా వినిపించాయి. చెల్లెలు పకపకా నవ్వి, కళ్ళు తుడుచుకుని, సంచాలకుల వైపు తిరిగింది.

"ఆవు బాగుందంటున్నారు."

"అంతయేనా?"

"టోపీ కూడా బాగుందంట."

పొగబండి దగ్గర వరహాలమ్మ ఇంకా గట్టిగా ఏదో అంది, నూకరత్నం అంతకంటే గట్టిగా అంది, ఇద్దరికీ పెద్ద తగువైంది. చిన్నప్పుడు ఎవరి రిబ్బను ఎవరు పారేశారన్న గొడవ అది. సత్యలింగానికి ఆ రాత్రి భోజనాల దగ్గర తెలిసింది. అక్కడున్న పరిశీలకులు మాత్రం పరుగున వచ్చి, 'నిజాయితీగల కలహము సంభవించినది, స్వయముగా నివారించుకొనిరి' అని రాసుకుపోయారు.

సాయంత్రం సమావేశం. ఆర్థికశాఖ నుంచి ఒక పెద్దమనిషి కూడా వచ్చి కూర్చున్నాడు. మండలిని ఉంచాలా ఎత్తెయ్యాలా అని చూడ్డానికి వచ్చాడని అందరికీ తెలుసు. సంచాలకులు గొంతు సవరించుకున్నారు.

"నిపుణురాలు సెలవియ్యవలెను. ఈ నమూనా పల్లెకును వారి మూల గ్రామమునకును ఏమైన భేదమున్నదా?"

నూకరత్నం ఫ్రెంచిలోకి మార్చబోయింది. వరహాలమ్మ చెల్లెలి చెయ్యి పట్టుకుని ఆపి, తెలుగులోకి దిగింది.

"ఉంది నాయనా. ఒకే ఒక్క తేడా ఉంది. మీ ఊళ్ళో ఒకటి ఎక్కువుంది. మా ఊళ్ళో అది లేదు. ఇన్నేళ్ళుగా లేదు."

"ఎక్కువా? ఏమది? గోవా? పొగయా?"

"నా చెల్లెలు," అంది వరహాలమ్మ. "అది మీకాడుంది. నా దగ్గర లేదు."

ఆర్థికశాఖ పెద్దమనిషి పెన్ను తెరిచాడు. "అయితే భేదం ఉన్నట్టేగా చక్రధరరావు గారూ?" అన్నాడు.

సంచాలకులు లేచి నిలబడ్డారు. పాపం ఆయనకి నియమావళి మీద భక్తి నిజంగానే ఉంది. "భేదముండరాదు," అన్నారు. "ఉన్నచో సవరింపవలెను. మార్గములు రెండు. అధికముగా నున్న అంశమును నమూనా నుండి తొలగించుట మొదటిది."

"తొలగిస్తే మీకు లబ్ధిదారు లేడు," అని ఆర్థికశాఖ పెద్దమనిషి గుర్తుచేశాడు. "లబ్ధిదారు లేకపోతే మండలీ లేదు."

సంచాలకుల మొహం తెల్లబోయింది. కారూ, డ్రైవరూ, డ్రైవరు కుర్చీ ఆయన కళ్ళముందు వరసగా కదిలినట్టున్నాయి. "కావున రెండవ మార్గమే శరణ్యము," అన్నారు గబగబా. "కొరవడిన అంశమును మూల గ్రామమునకు సరఫరా చేయవలెను. ఎవరక్కడ? వ్రాసికొనుడు!"

గుమాస్తా పెన్ను వెతుక్కునేలోగా సత్యలింగం కాగితం లాక్కుని రాయడం మొదలుపెట్టాడు. జన్మలో అంత వేగంగా ఆయన రాయలేదు.

"వృద్ధురాలు, ఒకటి," అని సంచాలకులు చెబుతున్నారు. "మూల గ్రామమునకు చేర్చవలెను."

"విడిగా పంపితే పాడైపోద్దండి. ఉపకరణాలతో సహా పంపాలండి," అన్నాడు సత్యలింగం తల ఎత్తకుండా. తన గొంతు తనకే కొత్తగా ఉంది.

"ఉపకరణములేవి?"

"కొడుకండి. కోడలండి. మనవరాలండి."

"అట్లే కానిండు. సరుకు రవాణాకు పూర్వాభ్యాసము అక్కరలేదు. అది ఉమ్మడి విహారములకు మాత్రమే."

"ప్యాకింగుకి చలిమిడి కూడా రాయండి బాబుగారూ," అంది నూకరత్నం. "కొత్తది. ఆ సీసాలోది కాదు."

ఉత్తర్వు కింద సంచాలకులు సంతకం పెట్టారు. ఆర్థికశాఖ పెద్దమనిషి నవ్వకుండా ఉండడానికి కాఫీ తాగాడు. మండలి పనితీరు సంతృప్తికరమని రాసిపోయాడు, అది వేరే సంగతి. ఆ మండలి ఈనాటికీ ఉంది. సిమెంటు ఆవుల మీద టోపీలూ ఉన్నాయి.

అక్క ఊరు చేరిన రోజున అక్కడ సన్నగా వాన పడుతోంది. ఆవులకి మూపురాలు లేవు. వాళ్ళతో కలిసే వచ్చిన వరహాలమ్మ కారు దిగి, చెల్లెల్ని వాకిట్లోనే ఉండమని చెప్పి, కర్ర పొడుచుకుంటూ తనొక్కతే ఇంట్లోకి పోయి తలుపేసుకుంది. ఇదేం చోద్యమని హైమావతి అనేలోగా సత్యలింగానికి అర్థమై, అమ్మ చేతికి సారె పళ్ళెం అందించాడు. నూకరత్నం తడుస్తూ గుమ్మం ముందు నిలబడి తలుపు తట్టింది.

లోపల కుర్చీలో చెవిటి ముసలాయన ఎవరని అడిగినట్టున్నాడు.

"మా పుట్టింటివాళ్ళండీ!" అని వరహాలమ్మ అరిచింది. ఆయనకి వినపడేటట్టూ, పక్కింటి మదాంకి వినపడేటట్టూ, ఆ వీధి వీధంతా వినపడేటట్టూ అరిచింది. "మా పుట్టింటివాళ్ళొచ్చారు! సారె పట్టుకుని వచ్చారు!"

తలుపు తెరుచుకుంది. నూకరత్నం కుడికాలు లోపల పెట్టింది.

మర్నాడు సత్యలింగం భయంభయంగా మండలి వాళ్ళ రసీదు కాగితం తీసి దొడ్డమ్మ ముందు పెట్టాడు. సరుకు చేరినట్టు సంతకం పెట్టాలనీ, ఉపకరణాలకి శెలవు పది రోజులేననీ, ఆపైన సరుకుని ఎప్పుడు వాపసు పంపేదీ కింద గడిలో రాయాలనీ చెప్పాడు. వరహాలమ్మ చలిమిడి నములుతూ కళ్ళజోడు పెట్టుకుంది. కాగితమంతా చదివి, చెల్లెలి ఒళ్ళో పెట్టి, దాని మీదే గుండ్రటి అక్షరాలతో రాసింది.

'సరుకు అందింది. కొంచెం పాతబడింది గానీ బాగుంది. వాపసు పంపను.'